మన బండి, మన రిపేరు – 6వ పాఠం: బ్యాటరీ చెప్పే మూడు అంకెలు

క్రితం పాఠం చివర మల్టీమీటర్ ఒకటి కొనిపెట్టుకోమన్నాను. ఖరీదైనది అక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే మామూలు డిజిటల్ మీటర్ చాలు. ఈ పాఠమంతా దాంతోనే పని.

"బ్యాటరీ ఎన్నేళ్ళొస్తుంది?" అని ఏ షెడ్డులో అడిగినా "మూడేళ్ళు సార్" అనే అంటారు. ఆ మాటలో తప్పు లేదు. మన ఎండలకి బండి బ్యాటరీ రెండు నుంచి నాలుగేళ్ళు నడవడం మామూలే. బాగా చూసుకుంటే ఐదో ఏడు కూడా లాగుతుంది. కానీ అదే కంపెనీ, అదే మోడల్ బ్యాటరీ ఒకరి బండిలో నాలుగేళ్ళు పనిచేసి, పక్క ఫ్లాట్ వాళ్ళ బండిలో ఏడాదిన్నరకే చేతులెత్తేస్తుంది. దానికి కంపెనీని తిట్టడం తేలిక. నిజానికి చాలా బ్యాటరీలు వయసైపోయి పోవు, సగం చార్జింగ్‌తో వదిలేసినందువల్ల పోతాయి. అది ముందే పసిగట్టడం నేర్చుకుంటే ఈ పాఠం వంటబట్టినట్టే.

లోపల ఏముంది

12 వోల్టుల బ్యాటరీ అంటే ఆరు చిన్న గదులు. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ప్రతి గదిలోనూ సీసం పలకలు, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. కరెంటు వాడుతున్న కొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, చార్జింగ్ పెడితే కరిగిపోతుంది. వెంటనే పెడితేనే సుమా. వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. తడి సిమెంటును తాపీతో ఎటైనా సర్దొచ్చు, గట్టిపడ్డాక సుత్తే దిక్కు. ఇదీ అంతే. పలకలో అంత భాగం ఇక పనికిరాదు. "చార్జింగ్ పెడితే నిలబడట్లేదు" అని జనం అనేది ఈ స్థితినే.

దీనికి ఎండ తోడవుతుంది. సీల్డ్ బ్యాటరీలకు లెక్క 25 డిగ్రీల దగ్గర కడతారు. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని, వాడకుండా ఉంచినప్పుడు తనంతట తాను ఖాళీ అయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో రోజంతా ఎండలో నిలబెట్టే బండికి మూడేళ్ళొచ్చాయంటే గొప్పే. చలికి బ్యాటరీ పోయిందని మనకు అనిపిస్తుంది గానీ, దాన్ని దెబ్బతీసింది వేసవి. డిసెంబర్ పొద్దున చల్లబడ్డ ఇంజన్ తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ దెబ్బ బయటపడుతుంది, అంతే.

మొదటి అంకె: నిలకడగా ఉన్నప్పుడు

మీటర్ డయల్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. నల్ల వైరు కామన్ సాకెట్‌లో, ఎర్ర వైరు వోల్టుల సాకెట్‌లో ఉండాలి. ఎర్ర వైరు పొరపాటున 10 ఆంపియర్ల సాకెట్‌లో ఉండగా బ్యాటరీకి తగిలిస్తే అది నేరుగా షార్ట్. నిప్పురవ్వలు లేస్తాయి. చవక మీటర్లలో చాలావాటికి ఆ సాకెట్‌కు ఫ్యూజు కూడా ఉండదు. కాబట్టి తగిలించే ముందు ప్రతిసారీ ఒకసారి చూసుకోండి.

బ్యాటరీ సైడ్ ప్యానెల్ వెనకో, సీటు కిందో, స్కూటరైతే కాళ్ళు పెట్టుకునే చోట మూత కిందో ఉంటుంది. బండి ఆపి రాత్రంతా వదిలేశాక, పొద్దున్నే తాళం పెట్టకముందే కొలవాలి. నడిపి వచ్చిన వెంటనే కొలిస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12.0కి వచ్చిందంటే పావు వంతే మిగిలింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. "12 వోల్టుల బ్యాటరీ 12 చూపిస్తోంది కదా, బాగానే ఉంది" అనుకుంటారు. బాగాలేదు. 12.4 కనిపించిన రోజే చార్జింగ్ పెట్టాలి.

రెండో అంకె: సెల్ఫ్ కొట్టేటప్పుడు

మొదటి అంకె ఎంత చార్జింగ్ ఉందో చెబుతుంది. బ్యాటరీలో సత్తువ ఎంతుందో చెప్పేది ఇది. మీటర్ పిన్నులు టెర్మినళ్ళకు ఆనించి ఉంచండి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. కళ్ళు మీటర్ మీదే ఉండాలి. మంచి బ్యాటరీ అయితే 12.6 నుంచి ఒక్కసారిగా 10.8కో 10.5కో దిగి, ఇంజన్ అందుకోగానే 13 దాటి పైకి పోతుంది. ఇదంతా రెండు సెకన్ల తతంగం. చవక మీటర్ అన్ని అంకెలూ పట్టుకోలేదు గానీ అడుగు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆ అడుగు పదికి పైన ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. తొమ్మిదిన్నర కిందికి దిగుతుంటే రెండు అనుమానాలు: చార్జింగ్ లేదు, లేదా పలకలు అయిపోయాయి. నిండుగా చార్జింగ్ పెట్టి మళ్ళీ కొలవండి. పొద్దున 12.7 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే ఎనిమిదికి పడిపోతే ఇక దాన్ని బతిమాలే పని లేదు.

కొత్త బ్యాటరీకి డబ్బులు తీసే ముందు మాత్రం టెర్మినళ్ళు చూడండి. బోల్టు చుట్టూ తెల్లగానో, పచ్చరంగు కలిసో పొడి పట్టి ఉంటుంది. బోల్టును వేలితో తిప్పితేనే కదిలితే అసలు దొంగ అదే కావచ్చు. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా పదుల ఆంపియర్లు లాగుతుంది, వదులు బోల్టు గుండా అంత కరెంటు పోదు. టక్ టక్ మని రిలే కొట్టుకుంటుంది, ఇంజన్ తిరగదు. వైర్లు విప్పి, వంటసోడా కలిపిన నీళ్ళలో పాత టూత్‌బ్రష్ ముంచి రుద్ది, పొడిగా తుడిచి బిగించండి. పైన కాస్త వాజలీన్ రాయండి. షెడ్డులో "బ్యాటరీ పోయింది" అని తేల్చేసిన కేసుల్లో కొన్ని ఇక్కడితోనే సరిపోతాయి.

విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. దీనికి కారణం తెలిస్తే వరస మర్చిపోరు. బండి ఫ్రేమంతా నెగటివ్‌కే కలిసి ఉంటుంది. నెగటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతుంటే, స్పానర్ రెండో కొస ఫ్రేముకు తగిలిందంటే షార్టే.

మూడో అంకె: ఇంజన్ నడుస్తున్నప్పుడు

స్టార్ట్ చేసి, ఎక్సలేటర్ సగం దాకా లేపి పట్టుకుని కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య నిలబడితే చార్జింగ్ బాగా ఎక్కుతున్నట్టు. ఎంత లేపినా 12 దగ్గరే ఉంటే బ్యాటరీ మార్చినా లాభం లేదు. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్, ఆ కరెంటును డీసీగా మార్చి వోల్టేజీని అదుపులో ఉంచే ఆర్‌ఆర్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్) యూనిట్, మధ్య వైరింగ్, ఈ మూడింట్లో ఎక్కడో తేడా ఉంది. 15 దాటి పోతుంటే ఆర్‌ఆర్ అదుపు తప్పింది. బ్యాటరీ లోపలి నీరు ఆవిరైపోతుంది, బల్బులు మాడతాయి. కొత్త బ్యాటరీలు ఏడాదికొకటి పోతున్నాయంటే మొదట చూడాల్సింది ఈ అంకే.

స్లోలో ఉంచి కొలిస్తే 13 కూడా రాకపోవచ్చు. కంగారు పడకండి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళకి ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. ఆ బరువు మోశాక స్లోలో కాయిల్ దగ్గర మిగిలేది తక్కువ. అందుకే "రోజూ సెల్లార్‌లో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నాం, అయినా డౌన్ అవుతోంది" అంటుంటారు. సెల్ఫ్ తీసుకున్నది తిరిగి ఎక్కేలోపే ఆపేస్తున్నారు మరి. వారానికోసారి అరగంట రోడ్డు మీద తిప్పితే దానికంటే ఎంతో మేలు. పాలకూ కూరగాయలకూ వీధి చివరిదాకా రోజుకు నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టే బండికీ ఇదే కష్టం.

ఆపిన బండిలో పోయే కరెంటు

జీపీఎస్ ట్రాకర్, అలారం, మొబైల్ చార్జర్ సాకెట్. బయట బిగించినవి తాళం తీసేశాక కూడా కొంత లాగుతుంటాయి. లెక్క వేద్దాం. 100 సీసీ బళ్ళలో బ్యాటరీ సుమారు 3 ఆంపియర్ అవర్లది (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్). ట్రాకర్ 10 మిల్లీ ఆంపియర్లే లాగుతోందనుకోండి. రోజుకు 0.24 ఆంపియర్ అవర్లు పోతాయి. ఆరు రోజుల్లో బ్యాటరీ సగం ఖాళీ.

కొలవడానికి నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మీటర్ పెట్టాలి. ఈసారి ఎర్ర వైరు 10 ఆంపియర్ల సాకెట్‌లోనే ఉండాలి, డయల్ కూడా అక్కడికే తిప్పాలి. అక్కడ సున్నా చూపిస్తే అప్పుడు ఎర్ర వైరును mA అని రాసిన సాకెట్‌లోకి మార్చి, డయల్‌ని 200 మిల్లీ ఆంపియర్లకు తిప్పండి. మీటర్ అలా మధ్యలో ఉండగా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ జోలికి అసలే పోవద్దు. ఏదీ బిగించని బండిలో ఇది ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. ఎక్కువ ఉంటే బయట బిగించినవి ఒక్కొక్కటే ఊడదీస్తూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూడండి.

ఇంట్లో చార్జింగ్

బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు కరెంటు, ఇదే పాత సూత్రం. 3 ఆంపియర్ అవర్ల దానికి 0.3 ఆంపియర్. చాలా బ్యాటరీల ఒంటి మీదే ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు అని అచ్చేసి ఉంటుంది. 14.4 దగ్గర తనంతట తాను తగ్గిపోయే బైక్ బ్యాటరీ చార్జర్ ఒకటి కొనుక్కుంటే మనం కాపలా కాయక్కర్లేదు. కార్ల చార్జర్ వద్దు, అది దీనికి మరీ ఎక్కువ. షాపులో "గంటలో ఎక్కించి ఇచ్చేస్తాం" అంటే అత్యవసరానికి సరే, అలవాటు చేసుకుంటే వేడికి పలకలు దెబ్బతింటాయి.

వైఫై రూటర్ అడాప్టర్ కూడా 12 వోల్టులే కదా అని వీడియోలు చూసి తగిలించేవాళ్ళున్నారు. ఆ అడాప్టర్ ఇచ్చేదే 12. బ్యాటరీ అప్పటికే 12.3 దగ్గరుంటే అందులోకి ఏం ఎక్కుతుంది? 19 వోల్టుల లాప్‌టాప్ చార్జర్ పెట్టడం ఇంకో రకం సాహసం. అది ఆపాల్సిన చోట ఆగదు.

చార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది. గాలి తగిలే చోట పెట్టండి, దగ్గర్లో బీడీ, సిగరెట్, అగరొత్తి ఏదీ వద్దు. ముందు క్లిప్పులు తగిలించి ఆ తర్వాతే స్విచ్ వేయాలి, తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి.

ఊరెళ్తున్నారా? నెల దాటితే నిండుగా చార్జింగ్ పెట్టి, నెగటివ్ వైరు విప్పి వెళ్ళండి. ఉద్యోగానికి దుబాయో అమెరికానో వెళ్ళి బండిని హైదరాబాద్‌లో నాన్నగారికి అప్పజెప్పేవాళ్ళు ఈ మీటర్‌ని కూడా ఆయనకే ఇచ్చి వెళ్ళడం మంచిది. నెలకోసారి కొలిచి, 12.4కి దిగితే చార్జింగ్ పెడితే చాలు. 2020 తర్వాతి బీఎస్6 బళ్ళు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. పెట్రోలు పంపుకూ కరెంటే కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు, కొన్నింటికైతే కిక్ కూడా లేదు.

నీళ్ళు పోసే రకం ఇంకా వాడుతుంటే, పై గీత దాకా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఆర్‌ఓ నీళ్ళు కాదు. యాసిడ్ అసలే కాదు. సీల్డ్ బ్యాటరీ మూత ఎప్పుడూ పీకొద్దు.

కొనేటప్పుడు, మన తిరుపతి అమరరాజా వాళ్ళ అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా, ఇంకోటైనా, తయారైన తేదీ అడగండి. షాపు అరలో ఆరు నెలలున్నది కొత్తది కాదు. అక్కడే మీటర్ పెట్టి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. వారంటీ కార్డు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. పాత బ్యాటరీ షాపులోనే ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గిస్తారు. అందులో సీసం ఉంది కాబట్టి చెత్తలో పడేయకూడదు.

ఈ వారం అభ్యాసం

మీ బండికి మూడు అంకెలూ తీసి, తేదీతో సహా సర్వీస్ బుక్ వెనక పేజీలో రాయండి. తర్వాత ఈ మూడు బళ్ళకూ జబ్బేమిటో చెప్పండి.

మొదటి బండి: పొద్దున 12.7, సెల్ఫ్ కొట్టినప్పుడు 8.1, నడుస్తుంటే 14.2.

రెండోది: పొద్దున 12.1, సెల్ఫ్‌కి 9.4, ఎంత లేపినా 12.0.

మూడోది: నడుస్తుంటే 14.3, సెల్ఫ్‌కి 10.6. పొద్దున 12.6 ఉంది, కదపకుండా నాలుగు రోజులుంచితే 12.1కి దిగింది.

జవాబులు వచ్చే పాఠంలో. రెండో బండినే ముందుకు తెచ్చుకుని, మాగ్నెట్ కాయిల్ నుంచి ఆర్‌ఆర్ యూనిట్ దాకా వైరు వెంబడి వెళ్దాం. మీటర్‌లో 9 వోల్టుల సెల్ కొత్తది వేసి ఉంచండి.