బీలీ పబ్ నుంచి చాట్స్‌వర్త్ హౌస్‌కి: నడక మొదలుపెట్టే ముందు

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని బీలీ ఊళ్లో డెవన్‌షైర్ ఆర్మ్స్ పబ్ నుంచి డెర్వెంట్ ఏటి వెంట చాట్స్‌వర్త్ హౌస్ అనే పెద్ద జమీందారీ భవంతి దాకా సుమారు 3 కిలోమీటర్లే. దగ్గరే కదా అని మామూలు షూతో బయల్దేరకండి. వాన పడిన మర్నాడు గడ్డి పైకి పచ్చగానే ఉంటుంది, కింద బురద. షూ అడుగు నున్నగా ఉంటే జర్రున జారుతుంది.

• కారు పబ్ దగ్గరే వదిలి వెళ్లాలంటే ముందు లోపల అడగండి. వంటగది ఎప్పుడు మూస్తారో కూడా అప్పుడే కనుక్కోండి.

• ఓఎల్24 (ఈ ప్రాంతానికి ఆర్డ్నెన్స్ సర్వే వేసిన నడక మ్యాప్) వెంట ఉంచుకోండి. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

• దారిలో వచ్చే వన్ ఆర్చ్ బ్రిడ్జి ఇరుకు. పిల్లల చెయ్యి వదలకండి.

• చాట్స్‌వర్త్ చుట్టూ ఉన్న పార్కులో గొర్రెలు, జింకలు ఉంటాయి కాబట్టి కుక్కకి పొట్టి తాడు తప్పనిసరి. దారిలో ఎక్కడైనా ఆవులు మీదికొస్తే మాత్రం ఆ తాడు వదిలేయాలి. వాటి కోపం కుక్క మీదే; అది పరుగెత్తి తప్పించుకుంటుంది, మీరు తప్పించుకోలేరు.

• గేటు ఎలా ఉంటే అలాగే వదలండి.

• పార్కులో నడకకి డబ్బు అక్కర్లేదు, ఇంటికీ తోటకీ టికెట్ కావాలి. క్రిస్మస్ సీజన్ అయ్యాక కొన్ని వారాలు ఇల్లు మూసే ఉంటుంది, తేదీలు చూసుకోండి.

• డిసెంబర్‌లో సాయంత్రం 4కే పొద్దుగూకుతుంది. టార్చ్!