పాత నిట్టింగ్ మెషిన్ మొరాయిస్తోందా? ముందు స్పాంజ్ చూడండి

ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న నిట్టింగ్ మెషిన్ బయటికి తీసి నాలుగు వరుసలు అల్లగానే కుట్లు జారితే, క్యారేజ్ (సూదుల మీద అటూ ఇటూ జరిపే భాగం) పాడైందని పక్కన పెట్టేస్తారు చాలామంది. అలా మూలన పడ్డ మెషిన్‌ను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తప్పు చాలాసార్లు క్యారేజ్‌ది కాదు, సూదుల మీదుండే స్పాంజ్‌ది.

సమస్య: కుట్లు ఎక్కడపడితే అక్కడ జారడం, క్యారేజ్ సూదులకు తగిలి ఆగిపోవడం.

కారణం: జపాన్ మెషిన్లలో సూదుల్ని కిందికి అదిమి పట్టేది ఒక పొడవాటి బార్. దానికి అడుగున స్పాంజ్ ఉంటుంది. వాడినా వాడకపోయినా అది కాలంతో చీకిపోతుంది. అప్పుడు సూదులు పైకి లేస్తాయి, క్యారేజ్ వాటిని గుద్దుకుంటుంది. ఒక సూదిని కాస్త ముందుకు లాగి కొక్కేన్ని వేలితో పైకి ఎత్తి చూడండి. ఏ అడ్డూ లేకుండా లేచిందంటే స్పాంజ్ పోయినట్టే.

పరిష్కారం: సూదులన్నీ వెనక్కి నెట్టి, బార్‌ను ఒక కొస నుంచి తోసి రెండో కొస పట్టుకుని లాగండి. నేను మొదటిసారి లాగినప్పుడు స్పాంజ్ బదులు తారులాంటి నల్లటి జిగురు వచ్చింది, వేళ్లకు అంటుకుంటే ఓ పట్టాన వదల్లేదు. ఆ జిగురును గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక కొత్త స్పాంజ్ అతికించాలి. తిరిగి దూర్చేటప్పుడు స్పాంజ్ వైపు కిందికి ఉండాలి. బార్ వెళ్తున్న చోట సూదుల్ని అరచేత్తో అదిమి పట్టుకోండి, లేకపోతే బార్ వాటి కిందికి దూరుతుంది. సూదికీ సూదికీ మధ్య 4.5 మిల్లీమీటర్ల దూరం ఉండే స్టాండర్డ్ మెషిన్‌లో 200 సూదులుంటాయి, తొందరపడితే కుదరదు.

సమస్య: ఎప్పుడూ ఒకే సూది దగ్గర కుట్టు జారడం.

ఆ సూది నాలుక (కొక్కేన్ని మూసి తెరిచే చిన్న రేకు) వంగి ఉంటుంది, లేదా బిగుసుకుపోయి ఉంటుంది. బార్‌ను ఆ సూది దాటేదాకా లాగి, సూదిని ముందుకు తెచ్చి, కొక్కేన్ని కిందికి నొక్కితే వెనక కొస పైకి లేస్తుంది. నాలుక మూసి వెనక్కి లాగేయండి. స్పిరిట్‌లో నానబెట్టినా నాలుక ఆడకపోతే కొత్త సూది వెయ్యాలి. వంగిన సూదిని సరిచేసి వాడటం నాకు నచ్చదు, మళ్లీ సతాయిస్తుంది.

సమస్య: క్యారేజ్ మీది బటన్లు, లివర్లు కదలకపోవడం.

పాత నూనె ఎండి బంకలా అయింది. బలం ఉపయోగిస్తే ప్లాస్టిక్ విరుగుతుంది, విరిగిన భాగం మళ్లీ దొరకడం కష్టం. క్యారేజ్ తిరగేసి, పాత జిడ్డు తుడిచి, కీళ్ల దగ్గర పల్చటి మెషిన్ నూనె ఒక్కో చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున మెల్లగా ఆడించండి. కాస్త కదిలినా చాలు, ఓపిగ్గా అలాగే చేస్తూ పోతే వదులవుతుంది. వంటనూనె మాత్రం వద్దు, అదీ బంకవుతుంది. ఆ తర్వాత మొదటి కొన్ని వరుసలు పనికిరాని నూలుతో అల్లండి, మరకలు దానికే అంటుకుంటాయి.

సమస్య: అంచుల్లో నూలు వదులుగా ఉచ్చులు పడటం.

నూలు టెన్షన్ బిళ్లల (నూలును బిగువుగా పట్టి ఉంచే బిళ్లలు) మధ్యకు సరిగ్గా దిగలేదు, లేదా అంచుల కింద బరువు తగిలించలేదు. అల్లేకొద్దీ బరువుల్ని పైకి మారుస్తూ ఉండాలి. క్యారేజ్ ముందుండే చిన్న బ్రష్‌లు కూడా చూడండి. వాటికి నూలు పోగు చుట్టుకుని తిరగకపోతే కుట్లు సరిగ్గా పడవు. కత్తెరతో పోగు తీసేస్తే సరి.

క్యారేజ్ వరుస మధ్యలో పట్టేస్తే తొయ్యొద్దు. క్యారేజ్‌కు ముందువైపు బిగించి ఉండే ప్లేట్ మరలు వదులు చేసి ప్లేట్ తీసి, చిక్కిన నూలు కత్తిరించి, క్యారేజ్‌ను పట్టాల మీంచి మెల్లగా పైకెత్తండి.