‘ముగ్ధుడు’ అన్న మాటను తప్పుల్లేకుండా వాడడం ఎలా?

ముందు ఈ మాట పుట్టుక చూడండి. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువుకు తెలివి తప్పడం, దిక్కు తోచకపోవడం అని అర్థం. ముగ్ధ, మూఢ రెండూ దాన్నుంచే వచ్చాయి, మోహమూ అక్కడిదే. ఒక తోబుట్టువు పొగడ్తయింది, ఇంకొకటి తిట్టయింది!

‘ముగ్ధ’కు అమాయకురాలన్న పాత అర్థం ఇంకా పోలేదు. అలంకారశాస్త్రం నాయికను ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని విడదీస్తుంది. వాళ్ళలో ముగ్ధ సిగ్గు వీడని పిల్ల. అందుకే ‘ఆమె పాటకు ముగ్ధ అయింది’ అంటే అర్థం పక్కదారి పడుతుంది. ‘ముగ్ధురాలైంది’ అనండి.

ఎక్కువమంది తడబడేది విభక్తి దగ్గర. మనసు లొంగినవాడి వైపు నుంచి చెబితే ‘కు’ రావాలి: ‘ఆమె గానానికి ముగ్ధుడయ్యాడు’. లొంగదీసినవాళ్ళ వైపు నుంచి చెబితే ‘తో’: ‘తన గానంతో శ్రోతల్ని ముగ్ధుల్ని చేసింది’. ఈ రెండూ కలిసిపోయి ‘గానంతో ముగ్ధుడయ్యాడు’ అని వస్తే వాక్యం కుంటుతుంది. రెండో వాక్యంలో ‘ని’ రెండుచోట్లా ఉందని గమనించండి. ‘శ్రోతల్ని ముగ్ధులు చేసింది’ అంటే చెవికి అతకదు.

తర్వాత కర్తను బట్టి రూపం మార్చండి: నేను ముగ్ధుణ్నయ్యాను (స్త్రీ అయితే ముగ్ధురాలినయ్యాను), నువ్వు ముగ్ధుడివయ్యావు, మేము ముగ్ధులమయ్యాం, వాళ్ళు ముగ్ధులయ్యారు. ‘సభ మంత్రముగ్ధులైంది’ లాంటి వాక్యాలు తరచూ కనిపిస్తాయి. సభ ఏకవచనం, పైగా మనిషి కాదు. ‘సభ మంత్రముగ్ధమైంది’ అనాలి, లేదా ‘సభలోనివాళ్ళు మంత్రముగ్ధులయ్యారు’.

‘మంత్ర’ ఎప్పుడు చేర్చాలి? మంత్రం వేసినట్టు మనిషి కదలకుండా ఉండిపోయినప్పుడే. ‘కొత్త చెప్పులకు మంత్రముగ్ధుణ్నయ్యాను’ అంటే వెటకారం అనుకుంటారు. (వెటకారమే కావాలంటే భేషుగ్గా ఉంటుంది.)

రాతలో గ కింద ధ ఒత్తు పడాలి, ద ఒత్తు కాదు. తేడా ఒక చిన్న గీతే కాబట్టి ఫోన్ తెరమీద కంటికి సులువుగా దొరకదు, అక్షరాలు పెద్దవి చేసి సరిచూసుకోండి.

మామూలు మాటల్లో ‘ముగ్ధుడు’ కాస్త బరువే. స్నేహితుడితో అయితే ‘ఫిదా అయిపోయా’ చాలు. ఒళ్ళు తెలియనంత ఆనందమైతే ‘మైమరచిపోయాను’ ఇంకా దగ్గరి మాట, ఎందుకంటే ‘మై’ అంటే ఒళ్ళే. చూపు తిప్పుకోలేకపోతే ‘కళ్ళప్పగించి చూశాడు’ అనండి.