గోల్ లైన్ దగ్గర బెడిసికొట్టిన ప్లే కాల్‌ను ఎలా తూకం వేయాలి?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో గోల్ లైన్‌కు (బంతితో దాన్ని దాటితే ఆరు పాయింట్ల టచ్‌డౌన్) ఒక్క గజం దూరంలో జట్టు ఓడిపోతే కోచ్‌ను తిట్టడం తేలిక. ఆ కాల్, అంటే ఏ ఎత్తుగడ ఆడాలన్న నిర్ణయం, నిజంగా తప్పో కాదో తేల్చాలంటే ఓపిగ్గా కూర్చోవాలి. 2015 ఫిబ్రవరి 1న గ్లెండేల్‌లో జరిగిన 49వ సూపర్ బౌల్ (ఆ ఆట సీజన్ ఫైనల్) చివరి నిమిషాన్నే తీసుకుందాం. సియాటిల్ సీహాక్స్ 24–28తో వెనకబడి ఉంది. బంతితో పరిగెత్తే వాళ్ల ఆటగాడు మార్షాన్ లించ్ బంతిని 1 గజం గీత దాకా మోసుకొచ్చాడు. తర్వాతి డౌన్‌లో (జట్టుకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కోటి ఒక డౌన్) కోచ్ పీట్ క్యారల్ బృందం పాస్ ఎంచుకుంది. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) రసెల్ విల్సన్ విసిరిన బంతిని ప్రత్యర్థి జట్టు ప్యాట్రియట్స్ ఆటగాడు మాల్కమ్ బట్లర్ అడ్డంగా దూకి పట్టేశాడు.

1. ఫలితాన్ని పక్కన పెట్టండి. ఆట మొదలవకముందే వీడియో ఆపి పరిస్థితిని కాగితం మీద రాయండి: రెండో డౌన్, 1 గజం, 26 సెకన్లు, ఒక టైమవుట్ (గడియారం ఆపించే అవకాశం), నాలుగు పాయింట్ల లోటు. బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ పనికిరాదు. ఉన్న మూడు ప్రయత్నాలూ టచ్‌డౌన్ కోసమే.

2. గడియారం లెక్క కట్టండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పరుగు విఫలమైతే గడియారం ఆగదు, పాస్ నేలపాలైతే ఆగుతుంది. రెండో డౌన్‌లో పరిగెత్తి ఆగిపోతే ఉన్న ఒక్క టైమవుట్ ఖర్చవుతుంది. మూడో డౌన్‌లోనూ పరిగెత్తి ఆగిపోతే, కుప్పగా పడ్డ ఆటగాళ్లు లేచేసరికి నాలుగో ప్రయత్నానికి సమయం మిగలడమే కష్టం. అందుకే మూడో డౌన్‌లో దాదాపుగా పాసే వేయాలి, అది ప్రత్యర్థికీ తెలుసు. అదే రెండో డౌన్‌లో పాస్ నేలపాలైతే టైమవుట్ చేతిలోనే ఉంటుంది, మూడో డౌన్‌లో పరుగు, పాస్ రెండూ సాధ్యమే. కాబట్టి 'పాస్ వేయడమే పిచ్చితనం' అనే మాట నిలవదు.

అంతకు ముందు దాదాపు అర నిమిషం కరిగిపోనిచ్చారు కదా అంటారా? టచ్‌డౌన్ చేసినా, అదనపు పాయింటుతో కలిపి ఆధిక్యం మూడు పాయింట్లే. ప్యాట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి సమయం మిగల్చకూడదనుకోవడం సబబే. కానీ ఆ సెకన్లే ఉంటే మూడు పరుగులకూ చోటుండేది. ఈ లాభనష్టాలు రెండూ రాసుకోండి.

3. ఎదుట ఎవరున్నారో చూడండి. సీహాక్స్ ముగ్గురు రిసీవర్లతో (పాస్ పట్టేవాళ్లు) వచ్చింది. ప్యాట్రియట్స్ మాత్రం బరువైన గోల్ లైన్ దళాన్ని దింపి, వెనక ముగ్గురు కార్నర్‌బ్యాక్‌లను (రిసీవర్లను కాచేవాళ్లు) పెట్టింది. ఆ గోడకేసి పరుగు వృథా చేయకూడదన్నది క్యారల్ వాదన. లించ్‌ను పంపి ఉంటే టచ్‌డౌన్ తప్పకుండా వచ్చేదన్న నమ్మకాన్నీ పరీక్షించండి: ఆ సీజన్‌లో 1 గజం నుంచి అతని ఐదు ప్రయత్నాల్లో టచ్‌డౌన్ అయింది ఒక్కటే. ఐదు చాలా చిన్న లెక్క, దాని మీదే తీర్పు కట్టకండి.

4. పాసా అని కాదు, ఏ పాస్ అని అడగండి. అసలు తప్పు ఉంటే ఇక్కడే ఉంది. ఆ డౌన్‌లో నేలపాలైన పాస్ వల్ల పెద్ద నష్టం లేదు, ఇంటర్సెప్షన్ వస్తే (ప్రత్యర్థి పాస్‌ను పట్టేస్తే) సర్వం పోతుంది. కాబట్టి చెడినా నేల మీదో గీత బయటో పడే పాస్ కావాలి: మూలకు ఎత్తి వేసే ఫేడ్, లేదా విల్సన్ పక్కకు పరిగెత్తి, దారి లేకపోతే బయటికి విసిరేసే ఆట. వాళ్లు వేసింది స్లాంట్, అంటే రిసీవర్ ఏటవాలుగా లోపలికి దూసుకెళ్తూ పట్టే పాస్. అది డిఫెండర్లు కిక్కిరిసిన లోపలి వైపుకే వెళ్తుంది.

5. కాల్‌ను, అమలును విడదీయండి. సీహాక్స్ రిసీవర్ జెర్మైన్ కియర్స్ ముందు నిలబడి దారి అడ్డుకుంటే, వెనక నుంచి మరో రిసీవర్ రికార్డో లాకెట్ లోపలికి తిరగాలి. ప్యాట్రియట్స్ ఆటగాడు బ్రాండన్ బ్రౌనర్ కియర్స్‌ను గీత దగ్గరే బిగించి ఆపాడు. దాంతో బట్లర్‌కు దారి తెరుచుకుంది. పైగా సాధనలో ఇదే ఎత్తుగడను ఆపలేకపోయిన బట్లర్, ఈసారి ఆ అమరికను గుర్తుపట్టాడు. ప్రత్యర్థి గొప్పగా ఆడిన వాటాను కోచ్ ఖాతాలో వేయకండి.

6. గెలిచిన కాల్‌కూ ఇవే ప్రశ్నలు వేయండి. 1967 డిసెంబరు 31న గ్రీన్ బే ప్యాకర్స్, డాలస్ కౌబాయ్స్ మీద 14–17తో వెనకబడి ఉంది. 16 సెకన్లు, మూడో డౌన్, టైమవుట్లు లేవు. ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ బంతితో తానే దూరి టచ్‌డౌన్ చేశాడు, ప్యాకర్స్ 21–17తో గెలిచింది. అతను ఆగిపోయి ఉంటే, ఫీల్డ్ గోల్‌తో స్కోరు సమం చేసే అవకాశమే బహుశా ఉండేది కాదు. గడ్డకట్టిన నేల మీద బంతి అందుకుని పరిగెత్తేవాళ్లు జారుతున్నారన్నది స్టార్ కారణం. ఆ కారణానికి మీరు మార్కులు వేస్తే, క్యారల్ గడియారం లెక్కకూ వేయాలి. స్లాంట్‌కు మాత్రం అక్కర్లేదు.