కెమెరా సంగతి తర్వాత, ముందు మాట వినపడాలి

కొత్తగా వీడియోలు మొదలుపెట్టేవాళ్లు కెమెరా గురించే టెన్షన్ పడతారు, కానీ బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట సరిగ్గా వినపడకపోతే మాత్రం అక్కడే వదిలేసి పోతారు. ఖాళీ గదిలో గొంతు గోడలకు తగిలి వెనక్కొచ్చి బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది, అందుకే పరుపు, దుప్పట్లు, మందపాటి కర్టెన్లు ఉన్న గదిలో కూర్చోండి. ఫ్యాన్ ఆపేయండి (చెమట పడుతుంది, తప్పదు). వీడియో తీసే ఫోన్ దూరంగా ఉంటే, ఇంకో పాత ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి నోటికి జానెడు దూరంలో, ఫ్రేమ్‌లో పడకుండా పెట్టుకుని, మొదట్లో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలిపేస్తే పెదవుల కదలికకి మాట సరిపోతుంది. రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. అసలు రికార్డింగ్‌కి ముందు 30 సెకన్లు తీసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి, నేను ఇది చేయక గంటసేపు మాట్లాడిన వీడియో మొత్తం పారేశాను. యాడ్ డబ్బుల లెక్కలు ఇప్పుడే వద్దు, యూట్యూబ్‌లో షార్ట్స్ (చిన్న నిలువు వీడియోలు) కాకుండా పెద్ద వీడియోలతో ఆ డబ్బులు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4000 గంటలు జనం చూసి ఉండాలి, దానికి ఇంకా టైముంది.