గార్డియన్‌షిప్, 4వ పాఠం: ముందు ఆ స్టాంపు పేపర్ పక్కన పెట్టండి

పోయిన పాఠంలో, మైనరు పిల్లలకి గార్డియన్‌గా నియమించమని కోర్టులో వేసే పిటిషన్‌తో పాటు గార్డియన్‌గా ఉండబోయేవాళ్ళ సమ్మతి పత్రం, దాని మీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలని రాశాను కదా, అదే కొంప ముంచింది. కొందరు ఆ పత్రం ఒక్కటే స్టాంపు పేపర్ మీద టైపు చేయించి, నోటరీ ముద్ర కొట్టించుకుని "అయిపోయిందండీ, ఇక బాబుకి మేమే గార్డియన్" అంటున్నారు.

అవ్వలేదండీ. నోటరీ ముద్ర చెప్పేది ఆ సంతకం మీదేనని, అంతే. తల్లిదండ్రులు వీలునామాలో మీ పేరు రాసిపోతే తప్ప, బాబాయి అయినా మేనమామ అయినా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ఆర్డరు తెచ్చుకోవాల్సిందే.

మొన్న బ్రాడీపేట నుంచి ఒకాయన ఆ పేపర్‌కి లామినేషన్ కూడా చేయించి తెచ్చాడు. మేనకోడలి పేరు మీద తెనాలి దగ్గర అరెకరం ఉంది, అమ్మి పాప పేరునే డిపాజిట్ వేద్దామని బయానా పుచ్చేసుకున్నాడు. మనసు మంచిదే, కానీ 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం (ఇక్కడ మైనారిటీ అంటే మైనరుగా ఉండే వయసు) 11వ సెక్షన్ ప్రకారం, పెంచుతున్నాం కదా అని మైనరు ఆస్తి అమ్మే హక్కు రాదు. ఆర్డరు వచ్చాక కూడా అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా కోర్టు పర్మిషన్ మళ్ళీ విడిగా తీసుకోవాలి. పర్మిషన్ లేకుండా కౌలుకిస్తే ఐదేళ్ళు దాటకూడదు, పాపకి పద్దెనిమిది నిండాక ఏడాదికి మించి సాగకూడదు. పాపకి ఇప్పుడు పదహారు, అంటే మూడేళ్ళే. పాపం, బయానా తిరిగిచ్చేశాడు.

ఏ కోర్టంటే, పిల్లల పెంపకం బాధ్యతకి ఫ్యామిలీ కోర్టు, ఆస్తికి జిల్లా కోర్టు. పెంపకం కేసుకి పిల్లలుండే ఊరే లెక్క. మీరు గుంటూరులో ఉండి, పాప విజయవాడలో అమ్మమ్మ దగ్గరుంటే విజయవాడకే వెళ్ళాలి.

అభ్యాసం: ఆస్తికి గార్డియన్ అయ్యాక కోర్టు అడిగితే ఆరు నెలల్లోపు ఆస్తి, డబ్బు, అప్పుల జాబితా ఇవ్వాలి. అది ఇప్పుడే రాయండి, దానితో పాటు పోయిన ఏడాది పిల్లల మీద పెట్టిన ఖర్చంతా నెలవారీగా. నాకైతే ఫోన్ లెక్కల మీద నమ్మకం లేదు, లాంగ్ నోట్‌బుక్కే. ఆటో డబ్బులూ రాయండి. స్కూలు ఫీజు రసీదు పోయుంటే ఈ వారమే వెళ్ళి డూప్లికేట్ అడగండి, సెలవులిచ్చాక ఆఫీసులో ఎవరూ దొరకరు.