మార్చిన కీలు వదులు కాకుండా చుట్టూ ఉన్న ఎముకను కాపాడుకోవడం ఎలా?

మోకాలో తుంటో మార్పిడి ఆపరేషన్ అయ్యాక నాలుగైదేళ్లు హాయిగా నడిచినవాళ్లలో చాలామంది డాక్టర్ ముఖం చూడడం మానేస్తారు. "నొప్పే లేదు, పట్నం దాకా పోయి బస్సు కిరాయి దండగ" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఇంప్లాంట్ (ఆపరేషన్‌లో అమర్చిన కృత్రిమ కీలు) చుట్టూ ఎముక కరగడం మొదలైనప్పుడు చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి తెలిసేసరికి ఎముక చాలానే పోయి ఉండవచ్చు. అప్పుడు చేసే రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం, ఖర్చూ ఎక్కువే.

ఎందుకు కరుగుతుంది? మోకాలి ఇంప్లాంట్‌లో పైనా కిందా లోహం, మధ్యలో పాలీఇథిలీన్ ప్లాస్టిక్ ఉంటాయి. నడిచే కొద్దీ ఆ ప్లాస్టిక్ నుంచి కంటికి కనపడని రేణువులు రాలతాయి. ఒంట్లోని రక్షణ కణాలు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అప్పుడు అవి వదిలే రసాయనాల వల్ల ఎముకను తినే కణాలు చురుకవుతాయి. దీన్ని ఆస్టియోలైసిస్ అంటారు. ఇది కాక, భారాన్ని లోహమే మోస్తుంటే పక్కనున్న ఎముక పనిలేక పలచబడుతుంది. ఇన్ఫెక్షన్ వస్తే ఈ రెండింటికన్నా వేగంగా పాడవుతుంది.

1. ఎక్స్‌రే తప్పొద్దు, పాత ఫిల్ము పారేయొద్దు

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. కాల్షియం మాత్రలకంటే కూడా దీనికే ముందు చోటు ఇస్తాను. ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన ఎక్స్‌రే మీ మూలపత్రం లాంటిది. ఏడాది నిండాక ఒకటి తీయించండి, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం ఏడాదికో రెండేళ్లకో. మోకాలికైతే నిలబడి తీయించుకోవాలి.

డాక్టర్ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన లైటుకు పెట్టి చూసేది ఒక సన్నని నల్లగీత కోసం. ఇంప్లాంట్‌ను ఎముకకు పట్టించే సిమెంటు తెల్లగా కనిపిస్తుంది, దాని పక్కన ఎముక. ఈ రెంటి నడుమ వెంట్రుకంత గీత కదలకుండా ఉంటే సాధారణంగా భయం లేదు. అది ఏటేటా వెడల్పవుతూ 2 మిల్లీమీటర్లు దాటితే మాత్రం అనుమానించాలి. పాత ఫిల్ము లేకుంటే గీత పెరిగిందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ఫిల్ములను మడతపెట్టకుండా దాచండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి. ఇంప్లాంట్ స్టిక్కర్ అతికించిన కాగితం కూడా వాటితోనే ఉండాలి. రేపు ఒక్క ప్లాస్టిక్ ముక్క మార్చాల్సి వచ్చినా ఏ కంపెనీది, ఏ సైజు అన్నది దాన్ని చూసే చెబుతారు.

2. బోరు నీళ్ల సంగతి చూసుకోండి

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరావు. ఏళ్ల తరబడి అవే తాగితే ఎముక ఎక్స్‌రేలో దట్టంగా, గట్టిగా కనపడుతుంది గానీ నిజానికి పెళుసు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానానికి నల్లగొండ పేరే పెట్టారు, మనకు దక్కిన కీర్తి అలాంటిది! ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయి కాబట్టి తాగడానికీ వంటకూ అవే వాడండి. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగామన్న సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

3. తిండి, విటమిన్ డి

పెద్దలకు రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలమూరు ఇళ్లలో జొన్నరొట్టె రోజూ ఉంటుంది. బలమైన తిండే, కానీ జొన్నలో కాల్షియం చాలా తక్కువ. 100 గ్రాముల రాగుల్లో మాత్రం దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పొద్దున రాగి జావ, రెండు పూటలా పెరుగు, కూరల్లో నువ్వుల పొడి చేరిస్తే సగానికిపైగా తిండి నుంచే అందుతుంది. పప్పు, గుడ్డు మానొద్దు. విటమిన్ డి పరీక్ష చేయించుకున్నాకే మందు వాడండి. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల మందును సొంతంగా నెలల తరబడి వేసుకుంటే హాని. బీడీ, చుట్ట మానండి.

4. నడవండి, కానీ నేల మీద కూర్చోవద్దు

నడక ఎముకకు మేలు చేస్తుంది, పడుకుని ఉంటేనే అది పలచబడుతుంది. పత్తి ఏరడం, నాట్లు వేయడం, నెత్తిన మూటలు మోయడం డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టొద్దు. సక్లముక్లం కూర్చోవడం, గొంతుకూర్చోవడం వద్దు, కమోడ్ వాడండి. నడిచేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడింతల భారం పడుతుంది, కాబట్టి నాలుగు కిలోలు తగ్గినా తేడా ఉంటుంది.

5. మార్చిన మోకాలికి సూది వేయించొద్దు

నొప్పి అనగానే ఊళ్లోని ఆర్‌ఎంపీ కీలులోకి ఇంజెక్షన్ ఇస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ సూదితోపాటు క్రిమి లోపలికి పోతే ఇంప్లాంట్ తీసేయాల్సి రావచ్చు. నొప్పికని ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగితే ఎముక గుల్లబారుతుంది. పాదాల పగుళ్లు, ముల్లు గుచ్చుకున్న పుండు, చిగుళ్ల వాపు, మూత్రంలో మంట లాంటివి నాన్చొద్దు. అక్కడి క్రిమి రక్తం ద్వారా కీలుకు చేరవచ్చు. షుగర్ అదుపులో ఉండాలి. మార్చిన కీలు ఎర్రబడి వాచితే ముందే యాంటీబయాటిక్ మింగకండి. అలా మింగితే కీలు నీరు తీసి పరీక్షించినా క్రిమి దొరక్కపోవచ్చు. నేరుగా ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే పోవాలి.

ఎప్పుడు ఆగకూడదు?

కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు నొప్పి పుట్టి, కాసేపు నడిచాక తగ్గితే అది వదులైన కీలు లక్షణం కావచ్చు. తుంటి మార్చినవాళ్లకు ఈ నొప్పి తొడలో గానీ గజ్జల్లో గానీ రావచ్చు. కాలు వంకర తిరుగుతున్నట్టు, మోకాలు జారిపోతున్నట్టు అనిపించినా పాత ఫిల్ములు పట్టుకుని వెంటనే బయల్దేరండి. జారిపడి కాలు ఆనించలేకపోతే తోమడం, కట్టు కట్టించడం వద్దు. ఇంప్లాంట్ పక్కన ఎముక విరిగి ఉండవచ్చు. కాలు కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.